మా అత్త ఒక్కదాని కార్డు

మా మేనత్త బియ్యం కార్డులో ఒకటే పేరుంటుంది, అది ఆవిడదే. మా నాన్నకు చెల్లెలు. మొగుడు పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, మా ఇంటి పక్కనే ఒక గది వేసుకుని విడిగా వండుకుని తింటుంది. రెండిళ్ళకూ మధ్య దడి కూడా లేదు. నా వంటింట్లో పోపు వేస్తే ఆవిడ అక్కడ తుమ్ముతుంది. "రెండు పొయ్యిలెందుకత్తా, మాతోపాటు తినరాదా" అని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది కానీ ఆవిడ మనసు మారలేదు. "నా బియ్యం నాకున్నాయే" అంటుంది. కూర మాత్రం రోజూ గిన్నె పట్టుకొచ్చి నా దగ్గరే వేయించుకుంటుంది. అన్నం సంగతి వేరంట, కూర సంగతి వేరంట. ఆవిడ లెక్కలు ఆవిడవి.

అలాంటి మనిషిని ఒకరోజు రేషన్ షాపులో వేలిముద్రల మిషను కాదు పొమ్మంది.

ఆ రోజు నేనూ వెంటే ఉన్నాను. మా కార్డుకు నేను వేలు పెట్టగానే పడింది, బియ్యం తూచారు, సంచి కట్టేశాను. తర్వాత అత్త బొటనవేలు పెట్టింది. మిషను కుయ్యిమంది. చూపుడువేలు పెట్టింది, మళ్ళీ కుయ్యిమంది. ఎడమచేతి వేళ్ళు కూడా వరసబెట్టి అన్నీ అయ్యాయి. ఇక లైన్లో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? ఒకావిడ వేలిని తలకు రుద్దమంది, జిడ్డు తగిలితే పడుతుందట. ఇంకొకావిడ ఊదమంది. వెనకనుంచి ఒక పెద్దాయన వేలిని గట్టిగా అదమమని కేకేశాడు. మా అత్త ఎంత గట్టిగా అదిమిందంటే, డీలరు మిషను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మా తల్లీ, దాన్ని పగలగొట్టేట్టున్నావు. నీ వేళ్ళకి గీతలే లేవు, అది మాత్రం ఏం చేస్తుంది" అన్నాడు.

నిజమే. ఆవిడ చెయ్యి లాక్కుని చూశాను. బొటనవేలు, చూపుడువేలు నున్నగా, పాలిష్ పట్టినట్టు మెరుస్తున్నాయి. ఇందులో వింతేమీ లేదు. మా వైపు ఆడవాళ్ళలో సగం మంది వేళ్ళు అంతే. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలు గుట్టలుగా పోస్తే చుట్టూ కూర్చుని ముచ్చికలు తీస్తారు. ముచ్చికంటే కాయకుండే తొడిమ. ఎడమచేత్తో కాయ పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో, చూపుడువేలితో ముచ్చిక గిల్లి అవతల పారెయ్యాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. మా అత్త పెళ్ళికి ముందునుంచీ చేస్తున్న పని అది. ఘాటుకు చర్మం కాలుతుంది, పొర లేస్తుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ కాలుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది.

డీలరు మంచివాడే. పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. ఈ నెలాఖరులోపు వేలిముద్ర పడి తీరాలి, లేకపోతే కార్డు ఆగిపోతుంది, ఆగిన కార్డును మళ్ళీ తెరిపించడం మాటలు కాదు. "కొన్నాళ్ళు ఆ ముచ్చికల పని మానెయ్యి పెద్దమ్మా, గీతలు వాటంతటవే వస్తాయి. అంత బాధెందుకనుకుంటే మీ మేనకోడలి కార్డులో చేరిపో. అప్పుడు వాళ్ళింట్లో ఎవరు వేలేసినా నీకూ బియ్యం వస్తాయి."

"చేరిపోవడానికి నేనేమన్నా తప్పిపోయిన గేదెనా" అంది మా అత్త. అనేసి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

ఇంటికొచ్చాక గడప మీద కూర్చుని తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టింది ఇదే కదే. ఇదే ఇప్పుడు నన్నెవరో ఎరగనంటోంది" అంది. వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. దగ్గరికి వెళ్తే తిడుతుందని వెళ్ళలేదు.

మర్నాటినుంచి ఆవిడ చేతులకు సెలవు. చేతులకే సెలవు కానీ నోటికి కాదు, అదే నా ఖర్మ. జీవితంలో ఒక్కనాడూ ఖాళీగా కూర్చోని మనిషి ఒక్కసారిగా ఖాళీ అయితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఆవిడ నా కుట్టుమిషను పక్కనే మంచం వేసుకుని, చంక దగ్గర వంకర పోయిందనీ, చేతులు పొడుగయ్యాయనీ మొదలుపెట్టింది. ఆవిణ్ణి నేను గిన్నెలు తోమనివ్వలేదు, కసువు ఊడవనివ్వలేదు. నేనొకసారి అటు తిరిగేసరికి ఎండుమిరపకాయల డబ్బా మూత తీసి ముచ్చికలు గిల్లుతోంది. డబ్బా లాక్కుని అటక మీద పెట్టాను. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా మొహం పెట్టింది కానీ నేను కరగలేదు. రోజూ పొద్దున్నే వెలుతుర్లో వేలు చూసేదాన్ని. సన్నగా, ఉందో లేదో అన్నట్టు, గీతలు మొదలయ్యాయి. ఆ రోజు ఇద్దరం టీలో ఒక చెంచా పంచదార ఎక్కువ వేసుకున్నాం.

నెలాఖరు దగ్గర పడింది. రేపు షాపుకు వెళ్దామనుకున్నాం. ఆ మధ్యాహ్నం లైనింగు గుడ్డ అయిపోయిందని నేను గుంటూరు వెళ్ళి, బ్రాడీపేటలో రెండు షాపులు తిరిగి, బస్సు దిగి ఇంటికొచ్చాను. మా అత్త మంచం మీద రెండు చేతులూ చాపుకుని మహారాణిలా కూర్చుని ఉంది. అరచేతుల్లో చందమామలు. పది వేళ్ళకూ పచ్చగా, దిట్టంగా, గోరింటాకు టోపీలు.

"ఏంటత్తా ఇది" అన్నాను. నా సంచి కింద పడిపోయింది.

"ఆషాఢం కదే" అంది తాపీగా. "ముచ్చికలు తీసే చేతికి గోరింటాకు నిలవదని పెళ్ళయ్యాక పెట్టుకున్నదే లేదు. వీధిలో వాళ్ళంతా రుబ్బుకుంటుంటే నాకూ పెట్టమన్నా."

"రేపు వేలిముద్ర వెయ్యాలి కదా."

"అందుకేగా పెట్టించుకుంది. ఎర్రగా పండితే గీతలు బాగా కనపడతాయి. మిర్చి యార్డులో కాయకి మాత్రం రంగు చూసే కదా విలువ కడతారు."

నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ రంగున్న కాయే మంచి కాయని నమ్మిన మనిషి. ఆవిడ లోకంలో ఎరుపును వద్దనేవాడు ఎవడూ లేడు. గబగబా చేతులు కడిగించాను. అప్పటికే చేతులు పండిపోయి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. నిమ్మకాయ రుద్దాను, చింతపండు రుద్దాను. రుద్దేకొద్దీ ఇంకా మెరిశాయి. "ఎంత బాగా పండిందో" అని ఆవిడ మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు షాపులో మిషను ఆ ఎరుపును చూసి కుయ్యో మొర్రో అంది. లైన్లో ఆడవాళ్ళు మాత్రం "మీకెంత ఎర్రగా పండిందండీ" అని చెయ్యి పట్టుకుని చూశారు. డీలరు కాసేపు నవ్వాడు, తర్వాత జాలిపడ్డాడు. గ్రామ సచివాలయంలో కంటిని చూసే మిషను ఉందనీ, ఇంక గడువు లేదనీ, ఇప్పుడే వెళ్ళమనీ చెప్పాడు.

సచివాలయంలో ఒక చిన్నమ్మాయి కూర్చుని ఉంది, ఈ మధ్యే ఉద్యోగంలో చేరినట్టుంది. బైనాక్యులర్‌లాంటి మిషనొకటి తీసి అత్త మొహానికి పెట్టి "కళ్ళు పెద్దవి చెయ్యండి పెద్దమ్మా" అంది. ఎక్కడ చేస్తుంది? కారం దుమ్ములో బతికినవాళ్ళు పైట ముక్కుకు చుట్టుకుని, కళ్ళు సగం మూసి పనిచేస్తారు. సగం మూసిన కళ్ళే ఆవిడకు మామూలు కళ్ళు. "తెరిచే ఉన్నాయిగా" అంటుంది, తెరిచి ఉండవు. నేను రెప్పలు వేళ్ళతో పట్టుకోబోతే వదిలించుకుంది. ఆ పిల్ల ఓపిగ్గా ఎన్నిసార్లు చూసినా, కన్ను కనపడలేదనే చెప్పింది మిషను. మా వెనక జనం పెరిగారు. బయట ఎండ, లోపల ఉక్క. పొద్దుట్నుంచి నేను టీ కూడా తాగలేదు, కుట్టాల్సిన జాకెట్లు అలాగే ఉన్నాయి.

నాకు ఓపిక అయిపోయింది. "ఇంక నా వల్ల కాదమ్మా. ఆ కార్డు తీసేసి, ఈవిణ్ణి మా కార్డులో కలిపెయ్యండి" అన్నాను ఆ పిల్లతో.

మా అత్త కళ్ళు తెరిచింది.

ఆ కళ్ళు అంత పెద్దవని నాకు అంతవరకూ తెలియదు. మిషను అప్పటికి ఇంకా మొహానికే ఉంది. టింగుమంది. "పడింది పెద్దమ్మా, పడింది. కదలకండి" అని ఆ పిల్ల సంబరంగా అరిచింది. వెనకున్న జనం కూడా నవ్వారు. మా అత్త నవ్వలేదు. మిషను పక్కకు తీశాక కూడా ఆ కళ్ళు అలాగే నామీద ఉన్నాయి.

తిరిగి షాపుకు వెళ్తే బియ్యం ఇచ్చారు. సంచి నేను పట్టుకుంటానంటే వద్దంది. తల మీద పెట్టుకుని, ఎర్రటి చేతులతో పట్టుకుని, నాకన్నా ముందు నడిచింది. నేను వెనకాలే బతిమాలుకుంటూ వచ్చాను. కోపంలో అన్నానన్నాను, నిజంగా కలిపేదాన్నా అన్నాను. అయినా కలిపితే మాత్రం కొంపలేం మునిగాయి, నేను పరాయిదాన్నా, నీకు ఏనాడన్నా లోటు చేశానా అని కూడా అడిగాను.

తన గడప ఎక్కి, సంచి దించి, అప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు మళ్ళీ ఎప్పట్లా సగం మూసుకున్నాయి.

"నువ్వు లోటు చెయ్యవే, నాకు తెలుసు" అంది. "కానీ మీ కార్డులో, మీ ఇంట్లో ఉంటే, నీ మీద అలిగి నేను ఎక్కడికి పోవాలి?"

అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేను ఆ తలుపు ముందే నిలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాసేపటికి లోపల చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వినపడింది. పిలిచినా పలకలేదు. సాయంత్రం దాకా హాయిగా అలిగే ఉంది.