తెర మీద చివరి పేరు

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం మధ్యాహ్నం, తిరువూరులో మా బడి హాలు కిటికీలన్నిటికీ హాస్టల్ దుప్పట్లు కట్టేశారు. ఎందుకంటే బొమ్మల సినిమా! గోడకి తెల్ల పంచె. కింద గోనె పట్టాల మీద మేమంతా... ఒళ్లో మరమరాల పొట్లాలు.

సినిమా వేసేది మా బడి నడిపే చర్చి ఫాదర్ గారు. ఇటలీ నుంచి వచ్చి, మన ఎండలకీ మన పచ్చళ్లకీ అలవాటుపడి ఇక్కడే ఉండిపోయిన మనిషి. సినిమా కూడా ఆయన దేశానిదే. వాళ్ల భాషలో తీసిన తొలినాటి బొమ్మల సినిమాల్లో ఒకటట. మాటలు మనకి ఒక్క ముక్క అర్థం కావు, ఆయనే పక్కన నిలబడి తెలుగులో చెప్తానన్నారు.

నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో నా పేరు వాగుడుకాయ. మా ఇల్లు బస్టాండు వెనకే కాబట్టి కండక్టర్ల కేకలన్నీ నాకు నోటికొచ్చు. ఆ కేకలు వేసి పదిమందిని నవ్వించకపోతే నాకు అన్నం అరిగేది కాదు.

మెషీన్ టకటకా మొదలైంది. ముందు పేర్లు పడ్డాయి. ఫాదర్ గారు బొమ్మని అక్కడే ఆపేసి తెర దగ్గరికి వెళ్లారు.

"పిల్లలారా, ముందు వీరిని చూడండి. ఈయన చెట్లు గీసినారు. ఈయన గాడిదను నడిపించినారు..."

ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదువుతున్నారు. గాడిద ఒక్కసారి తల తిప్పాలంటే బోలెడు బొమ్మలు గీయాలట. యుద్ధం రోజుల్లో, పైన విమానాలు తిరుగుతుంటే, పట్నం వదిలి పల్లెటూరికి పోయి అక్కడ కూర్చుని గీశారట. వేళ్లు కొంకర్లుపోయే చలిలో ఆడపిల్లలు రంగులేసేవాళ్లట.

ఇప్పుడు రాస్తుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది. అప్పుడు మాత్రం... అబ్బా, సినిమా ఎప్పుడు మొదలుపెడతారు దేవుడా అని విసుగు.

ఆయన పేర్లని పాటలా సాగదీస్తున్నారు. నా నోరు ఊరుకుంటుందా! ఆయన గొంతుతో, ఆయన యాసతోనే అందుకున్నాను...

"విస్సన్నపేటా... వినగడపా... గంపలగూడెమో... ఎక్కాలి, ఎక్కాలి!"

హాలంతా గొల్లుమంది. నాకు కొమ్ములొచ్చాయి.

ఆయన మాత్రం నవ్వులు తగ్గేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత ఆఖరి వరస మీద వేలు పెట్టారు. "ఇక చివరి పేరు. ఈ పేరునకు మీరందరూ చప్పట్లు కొట్టవలెను. ఈమె..."

"రైట్ రైట్!" అని అరిచాను.

ఇంక ఎవరాపగలరు ఆ నవ్వుల్ని? చీకట్లో అరిచిందెవరో తెలియక శాంతమ్మ టీచర్ బెత్తం పట్టుకుని లేచారు. "వద్దు టీచర్, నవ్వనివ్వండి. పిల్లలు" అన్నారు ఫాదర్ గారు. తెర మీంచి వేలు తీసేసి, వెనక్కొచ్చి మెషీన్ నడిపించారు.

ఆ తర్వాత రెండేళ్లు అదే సినిమా వేశారు. పేర్లు మాత్రం మళ్లీ చదవలేదు. ఆ సోది మాన్పించింది నేనేనని ఎంత గొప్పలు పోయానో! తర్వాత ఆయన వాళ్ల దేశం వెళ్లిపోయారు. అక్కడే పోయారని విన్నాం.

పోయిన నెల తిరువూరు బస్టాండులోనే శాంతమ్మ టీచర్ కనిపించారు. ఇద్దరం బస్సు కోసం కూర్చున్నాం. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటుంటే ఆ సినిమా ఊసొచ్చింది.

"ఆ చివరి పేరు ఫాదర్ గారి అక్కదమ్మా. రంగులేసేదంట. సినిమా పూర్తికాకముందే జబ్బుచేసి పోయింది. ఇన్నేళ్లకి రీలు దొరికిందని, మీ అందరి చేతా ఆవిడకి చప్పట్లు కొట్టించాలని ఎంత ఆశపడ్డారో! ఆ రోజు ఎవరో అరిచారు చూడు... ఎవరో గుర్తుందా నీకు?"

"గుర్తులేదు టీచర్" అన్నాను.

యాభై దాటినదాన్ని. కూతురికి పెళ్లి చేసినదాన్ని. "అది నేనే, టీచర్" అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. బస్సెక్కాక సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఇంటికొచ్చి మా అబ్బాయి చేత ఆ సినిమా ఫోన్లో వెతికించాను. దొరికింది! ఇప్పుడు అరచేతిలో ఎన్ని సినిమాలో... పేర్లు పడితే వేలితో పక్కకి నెట్టేస్తాం. నేను మాత్రం అక్కడే ఆపి, ఒక్కో వరసా చూసుకుంటూ ఆఖరి పేరు దగ్గరికొచ్చాను.

అక్షరాలు ఇంగ్లీషువే. కూడబలుక్కుని చదివాను. కానీ వాళ్ల భాషలో ఎలా పలుకుతారో తెలియలేదు. మా తిరువూరులో ఆ పేరు సరిగ్గా పలకగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన పలకబోతుంటే నేనే కదా...

టీచర్ గారూ, ఈ పోస్టు మీదాకా వస్తే... ఆ రోజు అరిచింది నేనే.

ఆ గోనె పట్టాల మీద నాతోపాటు నవ్వినవాళ్లు ఎవరైనా ఉంటే మీరూ ఆ రోజు అక్కడున్నామని చెప్పండి. ఆ పేరు ఫొటో తీసి కింద పెడుతున్నాను. ఇటలీ భాష తెలిసినవాళ్లు ఎలా పలకాలో కాస్త రాయండి. ఒక్కసారి సరిగ్గా పైకి చదివి... చప్పట్లు కొట్టాలి నేను.