తొలి గుక్క

జగ్గయ్యపేటలో కృపావతి అత్త గురించి ఒక మాట తిరుగుతోంది. నందిగామ డాక్టరు ఆమె కాలి వేలు తీసేయాలన్నాడట, ఆమె ఏవో ఆకుల నీళ్లు తాగి వారం తిరిగేసరికి పుండు మాన్పుకుందట. ఆ ఆకు కోసం వత్సవాయి నుంచి కూడా మనుషులు వస్తున్నారు.

సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డులో అత్త టీ కొట్టు, పక్కనే మా ఇడ్లీ బండి. బడి మానినప్పటి నుంచి నేను అక్కడే ఉంటాను కాబట్టి జరిగింది చూశాను.

చెప్పు ఒరుసుకుని బొటనవేలి మీద లేచిన పొక్కు మానక పుండయింది. షుగర్ వల్ల పాదానికి నెత్తురు సరిగా అందడం లేదని, ఇలాగే ఉంటే వేలు తీయాల్సి వస్తుందని నందిగామలో డాక్టరు చెప్పాడు. రోజంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషి. "నేను నిలబడలేకపోతే కొట్టెవరు నడుపుతారు?" అని ఒక్కటే అడిగింది.

అత్త వాళ్ల అక్క కూతురు ఫ్లోరెన్స్ నర్సు. పుండుకి కట్టు కడుతూనే ఒక గ్రీన్ టీ పొట్లం తెచ్చింది. "డాక్టరు గారిని అడిగే తెచ్చా పిన్నీ. ఇందులో ఉండేవి రక్తనాళాల లోపలి పొరకి మంచి చేస్తాయేమోనని ఇంకా పరిశోధనలు చేస్తున్నారు. ఇది మందు కాదు, మాత్రలు మానొద్దు. పంచదార అసలు వెయ్యొద్దు."

అత్త తాగి మొహం చిట్లించింది. "దీన్ని అమ్మితే లారీ వాళ్లు నన్ను కొడతారే!"

అయినా తాగింది. మాత్రలు వేసుకుంది, అన్నం తగ్గించింది. షుగర్ మాత్రం దిగలేదు.

ఒక సాయంత్రం ఫ్లోరెన్స్ బస్సు కోసం కొట్లో కూర్చుంది. అత్త టీ దించి, గ్లాసులో కాస్త తీసుకుని నోట్లో పోసుకుంది. రుచి చూడకుండా ఆమె ఎవరికీ టీ ఇవ్వదు. మళ్లీ దించింది, మళ్లీ పోసుకుంది.

"అదేంటి పిన్నీ?"

"రుచి చూస్తున్నానే. తాగడం కాదుగా."

"పంచదారతో సహా గొంతులోకి పోయిందిగా! పొద్దుట్నుంచి ఎన్నిసార్లు దించావు?"

అత్త చేతిలో గ్లాసు వంక చూసింది. కొట్టు ముందు ఆటో పెట్టుకునే మొగుడు ఏలీయా మామని కేకేసి, అది ఆయన చేతికిచ్చింది. "ఇక నువ్వు చెప్పు, ఎట్టా ఉందో."

"వేడిగా ఉంది" అన్నాడు మామ.

ఆ తర్వాత కొన్నాళ్లు లారీ డ్రైవర్లు "కృపమ్మా, ఇది టీయా, పానకమా?" అని ఏడిపించారు. అత్త నవ్వి ఊరుకుంది, గ్లాసు మాత్రం వెనక్కి తీసుకోలేదు. షుగర్ దిగింది. నెలలు పట్టినా పుండు పూడింది. డాక్టరు పాదం మీద వేళ్లు ఆనించి, "నాడి బాగా అందుతోందమ్మా. వేలు తీయక్కర్లేదు" అన్నాడు.

ఆ రోజు అత్త బస్టాండులో దిగి, కొత్త మెత్తటి చెప్పులతో నడిచే వచ్చింది. వెనకాలే ఖాళీ ఆటోతో మామ.

"ఎక్కవే, జనం చూస్తున్నారు!"

"చూడనియ్యి. వాళ్లు చూడాలనే నడుస్తున్నా!"

కొట్టు దగ్గర లారీలు హారన్లు మోగించాయి. చెంగు బిగించి ఆమె పొయ్యి ముందు నిలబడింది.

ఆకు అడిగిన వాళ్లకి అత్త ఇప్పటికీ పొట్లం చూపిస్తుంది, తనూ తాగుతుంది. కానీ ఆ కొట్లో టీ దించినప్పుడల్లా తొలి గుక్క తాగేది షుగర్ జబ్బు లేని ఏలీయా మామే.