తలుపు వెనక నెజిహె

టర్కీలోని రిజే కొండల్లో, తేయాకు తోటల నడుమ, నెజిహె ఇంటి తలుపు ఏడేళ్ళుగా పగలంతా బార్లా తెరిచే ఉంటుంది. వాన జల్లు లోపలికి కొట్టినా ఆమె లేచి మూయదు. "అక్కా, పొగమంచు నీ ఇంట్లో కాపురం పెట్టేసింది, అద్దె అయినా అడుగు" అని పక్కింటి ఫెరిదె వేళాకోళమాడితే, ఆకు పసరుతో నల్లబడిన వేళ్ళు ఒళ్ళో దాచుకుని నవ్వుతుంది. తాను వద్దన్నవాణ్ణి పెళ్ళాడిన కూతురు సెవిలాయ్, ఏడేళ్ళ కిందట ఒక పండగనాడు ఆనవాయితీ ప్రకారం తల్లి చేతిని ముద్దుపెట్టుకుందామని వచ్చి తలుపు తట్టినప్పుడు, లోపల గడియను పట్టుకుని కదలకుండా ఉన్న వేళ్ళవి. ఆ రోజు ఊళ్ళో లేనని నెజిహె తర్వాత కూతురికి కబురు పంపింది.

ఈ పండగకు సెవిలాయ్ మళ్ళీ వచ్చింది. రెండు గ్లాసుల టీ అయ్యేదాకా ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు. కూతురు వెళ్ళడానికి లేచినప్పుడు నెజిహె తల దించుకుని, "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను తల్లీ. తలుపు వెనకే" అంది.

"తెలుసమ్మా. చెప్పులు గుమ్మం బయటే వదిలేశావుగా. దాక్కోవడం కూడా రాదు నీకు."

నెజిహె చూపు గుమ్మం వైపు వెళ్ళింది.

"మనసు మారి నా వెనక వస్తావేమో, గబుక్కున తొడుక్కుంటావని వాటిని వీధివైపు తిప్పి పెట్టి వెళ్ళాను."

వీధివైపు తిరిగి ఉన్న ఆ చెప్పుల్ని ఆ సాయంత్రం తన చేత్తోనే మళ్ళీ ఇంటివైపు తిప్పుకున్నది నెజిహెకు గుర్తొచ్చింది. "బస్సు వెంటనే దొరికిందా?" అంది మెల్లగా.

"లేదు. మలుపు దగ్గర గంటసేపు నిలబడ్డాను."

కూతురు బూట్లు తొడుక్కుంటుండగానే నెజిహె వానలోకి దిగి, మలుపు దాకా నడిచి, అక్కడ నిలబడింది.