ఊడిన హుక్కు

నా చిన్నప్పుడు తెలుగు మాట వినాలంటే మా అమ్మ నిద్ర లేచేదాకా ఆగాల్సి వచ్చేది. ఆవిడ నర్సు. రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేది. మా నాన్న పోయాక నరసాపురం నుంచి నన్ను వెంటబెట్టుకుని జర్మనీ వచ్చేసింది. ష్వైన్‌ఫర్ట్ దాటి బస్సులో కాస్త దూరం పోతే వచ్చే చిన్న పల్లెలో ఉండేవాళ్ళం. ఇప్పుడైతే ఇక్కడ బస్సెక్కితే చాలు, కాలేజీ పిల్లలు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికిందా, గది దొరికిందా అంటూ తెలుగులో కష్టాలు ఏకరువు పెడుతుంటారు. వింటూ కూర్చుంటాను. అప్పట్లో మాకు ఆ భాగ్యం లేదు.

మా పక్కింట్లో ఒక ముసలి దంపతులు ఉండేవాళ్ళు. ఇక్కడి పిల్లలు అవ్వాతాతల్ని పిలిచినట్టే నేనూ వాళ్ళని ఓమా, ఓపా అనేదాన్ని. ఇద్దరూ ఆమిష్ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళు. అమెరికాలో గుర్రబ్బండ్ల మీద తిరిగే ఆమిష్ వాళ్ళ పూర్వీకులు ఈ వైపు నుంచే వెళ్ళారు. ఇక్కడ మిగిలినవాళ్ళ సంఘం ఓమా పడుచుగా ఉన్నప్పుడే వేరే సంఘాల్లో కలిసిపోయిందట. అయినా ఈ ఇద్దరూ పాత పద్ధతులు వదల్లేదు. గుండీలు ఆడంబరమని వాళ్ళ నమ్మకం. మగవాళ్ళు ఆదివారం ప్రార్థనకి వేసుకునే నల్లకోటుకి గుండీలుండవు, మన జాకెట్లకి ఉన్నట్టు హుక్కులుంటాయి. ఆ హుక్కులు కుట్టడం ఇల్లాలి పని. మా అమ్మ జాకెట్లు దండెం మీద ఆరేస్తే ఓమా కంచె దాకా వచ్చి హుక్కులు చూసి, వీళ్ళు మనవాళ్ళేనని తేల్చేసుకుంది. మేం ఏ చర్చి వాళ్ళమో కూడా అడగలేదు. అమ్మ పడుకున్నంతసేపూ బడి నుంచి వచ్చిన నేను ఓమా వంటింట్లోనే ఉండేదాన్ని.

మేం వచ్చిన మరుసటేడు అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆయనది పాలమూరు వైపు. ష్వైన్‌ఫర్ట్‌లో బేరింగుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. కూలీల హాస్టల్లో, నలుగురితో ఒక గదిలో ఉంటూ, పెళ్ళి వయసు దాటిపోతున్న మనిషి. అమ్మ రాత్రి డ్యూటీలో ఉంటే ఇంట్లో నాకు తోడు కావాలి. ఆయనకి ఒక ఇల్లు, వేళకి ఒక ముద్ద అన్నం కావాలి. తెలిసిన పాస్టరమ్మ గారు ఇద్దరికీ ముడిపెట్టేశారు. అంతకుమించి ఏమీ లేదని ఆ ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన పగటి షిఫ్టు ముగించి ఇంటికొచ్చేసరికి అమ్మ బయల్దేరేది. గుమ్మంలో ఎదురుపడితే "కూర గిన్నెలో ఉందండీ" అనేది. "సరేనమ్మా" అనేవాడు. కట్టుకున్న భార్యని అమ్మా అనడమేమిటో! ఇద్దరి కళ్ళూ నిద్రలేక ఎర్రగా ఉండేవి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనేవాళ్ళు కాదు, అంత ఓపిక ఎవరికీ లేదు.

నాకు మాత్రం ఓపిక దండిగా ఉండేది. ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. "ఏం బిడ్డా, తిన్నవా?" అని అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పేదాన్ని. ఆయనకి జర్మన్ అంతంతమాత్రం. అన్నిటికన్నా పెద్ద గొడవ నా బడి సంచి దగ్గర వచ్చింది. అది మా నాన్న కొన్న తోలు సంచి. రెండు పట్టీలకీ నాన్నే మైనం రాసిన దారంతో, దగ్గర దగ్గరగా, కాస్త ఏటవాలుగా కుట్లు వేసి బకిళ్ళు బిగించాడు. ఆ చలికాలంలో ఒక పట్టీకి కుట్లు తెగి బకిలు ఊడిపోయింది. బకిలుని సంచి జేబులో దాచుకుని, పట్టీని పాత చీర అంచుతో కట్టుకున్నాను. బళ్ళో నవ్వేవాళ్ళు. "ఇటియ్యి బిడ్డా, చిటికెల జేస్త" అని ఆయన చెయ్యి చాపితే, ఇల్లెగిరిపోయేలా అరిచాను. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది, తర్వాత మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున వంటింట్లో ఆయన అమ్మతో చెబుతుంటే విన్నాను. "పోరి మనసు ఖరాబు జేసి నేనీడ ఉండుడు మంచిగ లేదు. ఈస్టర్ దాంక చూద్దం. గప్పటికి గూడ గిట్లనే ఉంటె, నేను హాస్టల్‌కు పోత" అన్నాడు. అమ్మ అంది, "మీరెళ్ళిపోతే రాత్రిళ్ళు దీన్ని ఎవరి దగ్గర పెట్టనండీ? నరసాపురం పంపించి బోర్డింగులో వెయ్యాలి." ఏడుపు గొంతు కాదు. అలిసిపోయిన గొంతు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఆయన వెళ్ళిపోవాలని నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని. ఆయన వెళ్తే నేనూ వెళ్ళాలని, అమ్మ ఈ దేశంలో ఒంటరిదైపోతుందని అప్పుడు తెలిసింది. అలాగని మెట్టు దిగడం నాకు రాదు.

ఆ శనివారం అమ్మకి సెలవు. పొద్దుటి నుంచి పడుకునే ఉంది. నేను సంచితో సహా పక్కింటికి పోయాను. ఓమా ఒళ్ళో ఓపా ఆదివారపు కోటు పెట్టుకుని హుక్కు బిగిస్తోంది. నా సంచికి కట్టిన చీర అంచుని కాసేపు చూసింది. ఎందుకలా కట్టావని అడగలేదు. కోటు సర్దుకుంటూ, తన పెళ్ళి సంగతి మొదలుపెట్టింది.

ఓపా మొదటి భార్య కాన్పులో పోయిందట. ఇద్దరు పసిపిల్లలు. ఓమా అప్పటికి అన్నగారింట్లో వదినకి బరువుగా ఉంది. పిల్లలకి తల్లి దొరుకుతుంది, ఈమెకి ఇల్లు దొరుకుతుంది అని సంఘం పెద్దలు కలిపేశారు. ఇష్టమా అని ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పుకోలేదు. కోటు హుక్కులన్నీ ఆ మొదటి ఇల్లాలు కుట్టినవి. పెళ్ళైన కొత్తలోనే మెడ దగ్గర హుక్కు ఒకటి ఊడింది. ఓమా సూదీ దారం తీసుకుని కోటు ఇమ్మంది. ఆయన ఇవ్వలేదు. కోటుని గుండెకి అదుముకుని నిలబడ్డాడట. ఆ తర్వాత ప్రతి ఆదివారం గడ్డకట్టే చలిలో మెడ దగ్గర కోటుని చేత్తో పట్టుకుని ప్రార్థనకి వెళ్ళేవాడు. ఇంట్లో భార్య ఉండి మగవాడు ఊడిన హుక్కుతో రావడమంటే వాళ్ళలో చిన్న విషయం కాదు. అందరూ ఆమె వైపే చూసేవాళ్ళు. ఆమెకి తలకొట్టేసినట్టుండేది.

ఓమా మళ్ళీ అడగలేదు. ఆవుల్ని పితికింది, పిల్లలకి తలలు దువ్వింది, వాళ్ళకి జబ్బు చేస్తే ఆయనతో పాటే మేలుకుని కూర్చుంది. చలికాలాలు గడిచాయి. ఒక శనివారం పాల బిందె దించి లోపలికొస్తే, ఆమె కుర్చీ మీద ఆ కోటు మడతపెట్టి ఉంది. ఆయన లేడు, పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. జేబు తడిమితే ఊడిన హుక్కు. అన్నేళ్ళూ దాచుకున్నాడు. "పెళ్ళి రోజు ఎప్పుడని అడిగితే పెద్దలు పెట్టిన తేదీ చెబుతాను గానీ, నా లెక్కలో నా పెళ్ళి ఆ శనివారమే" అంది ఓమా.

ఆ ఊడిన ఒక్కటే కుట్టిందట. తక్కినవి ముట్టుకోలేదు. ఊడినప్పుడల్లా ఒక్కొక్కటీ కుట్టుకుంటూ వచ్చింది. కోటు నా ముందు పరిచి, అన్నిటికన్నా కింది హుక్కు చూపించింది. దాని దారం రంగు వెలిసిపోయి వేరేగా ఉంది. "ఇది ఇంకా ఆమెదే" అంది, ఇంటికొచ్చిన చుట్టాన్ని పరిచయం చేసినట్టు. అంతలో ఓపా బురద బూట్లతో లోపలికొచ్చాడు. ఓమా అంతెత్తున లేచింది. ఆయన నాకేసి చూసి కన్నుగీటి, నింపాదిగా బూట్లు విప్పుకున్నాడు.

ఇంటికొచ్చి సంచిలోని పుస్తకాలు తీసేశాను. వంటింట్లో ఆయన కూర్చునే కుర్చీ మీద సంచి పెట్టాను. జేబులో బకిలు ఉందో లేదో మళ్ళీ చూసుకున్నాను. తర్వాత మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆయన శనివారం కూడా డ్యూటీ చేసి వెలుగుండగానే వచ్చాడు. వంటింట్లో అలికిడి ఆగిపోయింది. ఎంతకీ ఏ చప్పుడూ లేకపోతే తలుపు సందులోంచి చూశాను. సంచిని ఒళ్ళో పెట్టుకుని, మా నాన్న కుట్టిన రెండో పట్టీని వేలితో తడుముతున్నాడు. తర్వాత తోలు కుట్టే సూదీ దారం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వేసిన కుట్టు నచ్చక విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. కొత్త బకిలు కొనడం ఆయనకి పెద్ద పని కాదు. ఆ పాత బకిలే బిగించాడు. రెండో పట్టీ మీది మా నాన్న కుట్లని ముట్టుకోలేదు. వాటిని చూసుకుంటూ అచ్చం అలాగే, దగ్గర దగ్గరగా, ఏటవాలుగా కుట్టాడు. ఓమా కోటు సంగతి ఆయనకి తెలీదు. ఎవరూ చెప్పలేదు.

అమ్మ ఎప్పుడు లేచిందో, గుమ్మంలో నిలబడి చూస్తోంది. అన్నం వడ్డించి మూతపెట్టి వెళ్ళిపోయే మనిషి, ఆ వేళ రెండు కంచాలు పెట్టి ఆయనకి ఎదురుగా కూర్చుంది. "మీరు గూడ తింటరా?" అన్నట్టు ఆయన ముఖం పెట్టాడు. అమ్మ నవ్వింది. నాన్న పోయాక ఆవిడ నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. ఈస్టర్ వచ్చింది, వెళ్ళింది. హాస్టల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత అమ్మ డ్యూటీ దిగే పొద్దుటిపూట, తనకి సెలవైతే చాలు, ఆయన ఫ్లాస్కులో టీ పోసుకుని బస్టాపులో నిలబడేవాడు. ముసలివాళ్ళయ్యాక కూడా అమ్మ ఎటు వెళ్ళొచ్చినా ఆ బస్టాపు దాకా వెళ్ళేవాడు. అమ్మ పోయిన కొత్తలోనూ కొన్నాళ్ళు వెళ్ళాడు.

ఇప్పుడాయన నా దగ్గరే ఉన్నాడు. పక్షవాతం వచ్చాక మాట సరిగా రాదు, చేతులు వణుకుతాయి. గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే స్వెట్టరుకి హుక్కులు కుట్టాను. నాకూ అరవై దాటాయి. ఎత్తి కూర్చోబెట్టి, తుడిచి, తినిపించి, మళ్ళీ పడుకోబెట్టేసరికి నా నడుం నాది కాదనిపిస్తుంది. ముసలివాళ్ళ హోము చూసి రావడానికి టెర్మిన్ కూడా తీసుకున్నాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు గానీ, ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాడని అనుమానం.

ఆ మర్నాడు మందులు తెచ్చి లోపలికొస్తే నా కుర్చీ మీద స్వెట్టరు ఉంది. వంకరటింకరగా ఉన్నా, మడతపెట్టాలని చూసినట్టు తెలుస్తోంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. స్వెట్టరుని ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాను. తర్వాత జేబులో చెయ్యి పెట్టాను. ఊడిన హుక్కు ఉంది.

అలసట తీరిందని అబద్ధం చెప్పను. ఆ టెర్మిన్ ఇంకా అలాగే ఉంది, ఏం చెయ్యాలో తెలీదు. కానీ తనకి మిగిలినదాన్ని ఒక మనిషి నోరు విప్పకుండా మన కుర్చీ మీద పెట్టినప్పుడు, ముందు కూర్చుని దాన్ని కుట్టాలని ఆ శనివారం నేర్చుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని సూదిలోకి దారం ఎక్కించాను. "ఉండు నాన్నా, చిటికెలో కుట్టేస్తాను" అన్నాను.