నా చేతిరాతతో నిలబడ్డ ప్రత్యర్థి

ఆదివారం సాయంత్రం, జనగామలోని మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు.

బావమరిది ఈసారి తన ఊళ్లో సర్పంచ్ పదవికి నామినేషన్ వేస్తున్నాడట. తన కాగితాల్లో తప్పు దొరికి కొట్టివేస్తారేమోనని దోస్తు చేత కూడా ఒకటి వేయిస్తున్నాడు. "డమ్మీ గంతే బావా. నాది పాసైతే ఆడు వాపస్ తీసుకుంటడు" అన్నాడు. నా ముఖం చూసి, "గట్ల మొఖం వెట్టినవేంది, సావుకబురు చెప్పిన్నా?" అని నవ్వాడు. కూరగాయలు తరుగుతున్న నా భార్య మాత్రం చేయి ఆపి నా వైపు చూసింది. అతను వెళ్లాక పాత డైరీ తీశాను.

భూపాలపల్లి బొగ్గు గనుల ఆఫీసులో గుమస్తాగా ఉన్న రోజులవి. మా క్వార్టర్ల చివరి వరుసకు నల్లా లేక ఆడవాళ్లు బిందెలతో ట్యాంకర్ వెంట పరుగెత్తేవారు. ఆ నల్లా తెప్పించాలన్న పట్టుదలతోనే క్వార్టర్ల సంఘం కార్యదర్శి పదవికి పోటీకి దిగాను. నా పక్క టేబుల్ దగ్గర పనిచేసే మానుకోట అబ్బాయి, నన్ను అన్నా అని పిలుస్తూ సగం భోజనాలు మా ఇంట్లోనే చేసేవాడు. అతన్నే డమ్మీగా పెట్టుకున్నాను. అతని నామినేషన్ నేనే నింపాను. వాపసు కాగితం కూడా నేనే నింపి, సంతకం ఒక్కటి మిగిల్చి చేతికిచ్చాను.

వాపసు గడువు నాడు మధ్యాహ్నం మూడు దాటినా అతను రాలేదు. ఆఫీసులో లేడు, గదికి తాళం. ఏమైందోనని ఎండలో దవాఖానకు పరుగెత్తి మంచాలన్నీ వెతికాను. తిరిగివస్తూ సంఘం బోర్డు చూస్తే, సుద్దముక్కతో రాసిన పేర్లు రెండు, నాదీ అతనిదీ. రాసినాయన చేతులు దులుపుకుంటూ "ఏందన్నా, నీ తమ్ముడే నీ మీద నిలవడె" అన్నాడు.

ప్రత్యర్థి అంటే నిఘంటువులో ఎదుటి పక్షంవాడు, విరోధి అని ఉంటుంది. మా వైపు మాటల్లో అది వినపడదు, మీద నిలబడ్డోడు అంటాం. పత్రికల్లో మాత్రమే చదివిన ఆ మాటను, ఆనాటి పుటలో అతని పేరు రాయవలసిన చోట మొదటిసారి రాశాను. ఇప్పటివాళ్లు వాపసు కాగితం మీద ముందే సంతకం చేయించి దగ్గర పెట్టుకుంటారట. అప్పట్లో మాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు. అది తెలివితక్కువతనమని నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

మరునాడు పొద్దున అతను నలుగురిని వెంటేసుకుని, ఓట్లడుగుతూ ఇంటింటికీ తిరుగుతూ మా గడపకూ వచ్చాడు. సంగతంతా తెలిసి కూడా నా భార్య "లోపలికి రా మరిదీ, చాయ్ తాగి పో" అంది. "ఇంకా శానా ఇండ్లున్నయ్ వదినా" అంటూ, తలెత్తకుండా నాకు రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. అన్నేళ్లలో మేము ఒకరికొకరం దండం పెట్టుకోవడం అదే మొదలు.