ఒక్క ఖలాస్‌తో వచ్చిన శుక్రవారం

ఎనభైల్లో కల్బాలో ఓ అరబ్బుల ఇంట్లో వంట చేసేదాన్ని. రెండేళ్లయినా ఒక్క రోజు సెలవిచ్చింది లేదు. ఓ మధ్యాహ్నం కూర కలుపుతూనే, రాజోలు నుంచి అక్క పంపిన నవల చివరి పేజీకొచ్చాను. అన్నాళ్లూ అణిగిమణిగి ఉన్న కోడలు, "ఇక చాలు, నే పోతున్నా" అని పెట్టె పట్టుకుని గడప దాటేసింది! పట్టలేని సంతోషంతో గరిటె పైకెత్తి, "ఖలాస్!" అని అరిచాను.

గుమ్మంలో మేడమ్! ఖలాస్ అంటే వాళ్లకి 'అయిపోయింది' అని కదా, నేను పని మానేస్తున్నాననుకుంది. తిడుతుందనుకున్నాను. ఆవిడేమో గబగబా వచ్చి చేతులు పట్టుకుని, వచ్చీరాని హిందీలో, "మత్ జావో, వెళ్లిపోకు! శుక్రవారం పొద్దున సెలవు తీసుకో" అంది. నవ్వాపుకోలేక మొహం కప్పుకున్నాను. ఏడుస్తున్నాననుకుని, "సరే, సాయంత్రం దాకా!" అంది.

నవల్లో కోడలు గడప దాటింది ఒక్కసారే. నేను ప్రతి శుక్రవారం దాటాను.