గట్టయ్య బండి, ఎల్లేశం బెల్లు

లోకంలో డ్రైవర్లందరూ కళ్ళతో బండి నడుపుతారు. మా గోదావరిఖని గట్టయ్య చెవులతో నడిపేవాడు. వెనక నుంచి బెల్లు పడనిదే ఆయన బండి అంగుళం కదిలేది కాదు. ముందు రోడ్డంతా ఖాళీగా ఉన్నా సరే, వెనక పులి తరుముకొస్తున్నా సరే, బెల్లు పడాలి. పులి సంగతి నేను కల్పించాను. బెల్లు సంగతి మాత్రం నిజం.

అది గనిలో పట్టిన అలవాటని మేమంతా అనుకునేవాళ్ళం. బండి ఎక్కక ముందు గట్టయ్య గని మీద హాలర్ డ్రైవర్. ఏటవాలు సొరంగంలోంచి బొగ్గు టబ్బుల్ని ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను అది. దాని ముందు కూర్చున్నవాడికి కింద ఏం జరుగుతోందో కనబడదు. కింది మనిషి బెల్లు కొడితే లాగాలి, మళ్ళీ కొడితే ఆపాలి. గట్టయ్యకు కింద బెల్లు కొట్టిన మనిషి ఎల్లేశం. ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకు బావలు. ఒకరు పైన, ఒకరు కింద, మధ్యన ఒక బెల్లు. సగం జీవితం అలాగే గడిపారు.

డెబ్బైల మొదట్లో ఇద్దరూ గని పని మానేసి మా కార్మికుల స్టోరులో చేరారు. నేను అక్కడ గుమాస్తాను. సికింద్రాబాద్ కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకుని బొగ్గు ఊరికి వచ్చిపడ్డ కుర్రవాణ్ణి కాబట్టి అందరూ నన్ను చిన్న సారు అనేవారు. స్టోరుకు మిలిటరీ వేలంలో కొన్న పికప్ బండి ఒకటి ఉండేది. దాన్ని స్టార్టు చేస్తే కాలనీలో కోళ్ళు ఆ పూట గుడ్లు పెట్టడం మానేసేవి. స్టీరింగు పట్టుకోమంటే గట్టయ్య ఒకే షరతు పెట్టాడు.

"బెల్లు కొట్టనీకి మా ఎల్లేశం బావ ఉండాలె. లేకుంటే ఇంకో డ్రైవర్ను చూసుకోన్రి."

సరేనన్నారు. గట్టయ్య చెవి పక్కన పాత బడిగంట ఒకటి వేలాడదీశారు. దాని తాడు వెనక కిటికీలోంచి బండి తొట్టిలోకి పోయేది. తొట్టిలో ఎల్లేశం, ఎల్లేశం చేతిలో తాడు. ఒక బెల్లు అంటే ఆగు. రెండు అంటే ముందుకు. మూడు అంటే వెనక్కి. అందులో ఇంకో తమాషా ఉంది. బెల్లు పడగానే గట్టయ్య కదిలేవాడు కాదు. కాసేపు మీసం దువ్వుకుంటూ, బెల్లును జీర్ణం చేసుకుంటున్నట్టు కూర్చుని, అప్పుడు గేరు వేసేవాడు.

ఒకసారి బడి ముందు నుంచి పోతుంటే బడి వదిలే గంట కొట్టారు. గణగణమని ఆగకుండా మోగే గంట. గట్టయ్య బండి ఆపి, దిగి, తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి పోయాడు.

"సారూ, గిదేం బెల్లు? ముందటికా, ఎనుకకా?"

"ఇంటికయ్యా," అన్నాడు హెడ్మాస్టరు.

"ఇంటికి బెల్లు మా దగ్గర లేదు," అని గట్టయ్య బయటికొచ్చి, ఎల్లేశం రెండు కొట్టాకే కదిలాడు.

నెలకోసారి సరుకు కోసం హైదరాబాద్ పోయేవాళ్ళం. మా గోదావరిఖనిలో ఉండే బెల్లులన్నీ కలిపినా సుల్తాన్ బజార్లో ఒక మూలకు రావు. సైకిళ్ళ బెల్లు, రిక్షాల బెల్లు, గుడి గంట, ఐస్‌ఫ్రూట్ వాడి గంట. ఎక్కడ ఒక్క బెల్లు మోగినా గట్టయ్య ఆగేవాడు. మా వెనక డబుల్ డెక్కర్ బస్సు ఆగేది. దాని వెనక హైదరాబాద్ ఆగేది.

ట్రాఫిక్ పోలీసు పరుగెత్తుకొచ్చేవాడు.

"అరే భాయ్, నడి సడక్ మీద ఆపినవేంది?"

"బెల్లు పడ్డది."

"ఎవడు కొట్టిండు?"

"తెల్వదు. ఎవడు కొడ్తేంది? గని కింద ఎవడు కొట్టిండని అడిగినమా ఎన్నడన్న? పడ్డదంటే ఆగాలె."

పోలీసు మా బండి నంబరు చూసి, గట్టయ్య మీసం చూసి, గంట చూసి, చివరికి తొట్టిలో తాడు పట్టుకుని కొలువు తీరిన ఎల్లేశాన్ని చూసేవాడు. తర్వాత తన టోపీ తీసి తల తుడుచుకుని, ఎల్లేశం వైపు తిరిగి, "కాకా, జర రెండు కొట్టు," అని బతిమాలేవాడు.

బండి నిలబెట్టడం ఇంకా గొప్ప వేడుక. బేగంబజార్ సందుల్లో తోపుడు బండికి చోటు దొరికితేనే పండగ. అలాంటి చోట మా పికప్పును వెనక్కి పెట్టాలి. ఎల్లేశం కళ్ళద్దాలు సోడా సీసా అడుగుల్లా ఉండేవి. ఆ అద్దాలతో తొట్టి చివర నిలబడి, దారిన పోయేవాళ్ళను సలహా అడిగేవాడు.

"ఓ అవ్వా, గా గోడ ఇంకెంత దూరమున్నది?"

"గోడెక్కడిది కొడుకా, అది బర్రె."

"బర్రెనా? మంచిది. బర్రెయితే అదే జరుగుతది." మూడు బెల్లులు కొట్టేవాడు. గట్టయ్య మీసం దువ్వుకునేవాడు. బర్రె తన దారిన తాను పోయాక బండి వెనక్కి వెళ్ళేది.

నవ్వేవాళ్ళు నవ్వేవారు. కానీ ఒక్క మాట చెప్పాలి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో సొట్ట లేని బండి షోరూమ్‌లో తప్ప కనబడేది కాదు. మా ఖని బండికి మాత్రం ఎన్నేళ్ళయినా గీత పడలేదు. బేగంబజార్ సేఠ్లు గల్లా పెట్టెలు వదిలి బయటికొచ్చి మా బండి నిలబడే తీరు చూసేవారు. నేను ముందు సీట్లో కాలర్ సర్దుకుని కూర్చునేవాణ్ణి, బెల్లు నేనే కనిపెట్టినట్టు.

ఇలా నడుస్తుండగా స్టోరుకు కొత్త సెక్రటరీ వచ్చాడు. మంథని వామనరావు గారు. చాలా మంచి మనిషి. కాకపోతే ఖర్చు అనే మాట వింటే ఆయనకు తుమ్ము వచ్చేది. మొదటి రోజే గట్టయ్యను పిలిపించాడు.

"ఒక బండికి ఇద్దరెందుకయ్యా? ఊళ్ళో ఇన్ని లారీలున్నాయి, ఒక్కదానికన్నా బెల్లున్నదా?"

"అందుకే గద సారూ అవి గుద్దుకునేది."

వామనరావు గారు తుమ్మాడు. "ఈసారి హైదరాబాద్‌కు నేనూ వస్తా. బెల్లు లేకుండా నువ్వు నడపగలవని తేలితే, వచ్చే నెల నుంచి ఎల్లేశం ఇంటికే. చెప్పలేదనకు."

గట్టయ్య మీసం దువ్వుకోవడం మొదటిసారి మధ్యలో ఆగిపోయింది. ఆ వయసులో ఎల్లేశానికి ఇంకో పని ఎవరిస్తారు?

బడులు తెరిచే ముందు రోజులు. నోటు పుస్తకాలు, గొడుగులు, బొంతలు తేవడానికి బయలుదేరాం. బేగంబజార్లో వామనరావు గారు గొడుగుల బేరానికి దుకాణంలోకి పోయాడు. ఎల్లేశం చాయ్ తాగుతానని ఎదురు హోటల్‌కు పోయాడు. నేనూ గట్టయ్యా బండిలో ఉన్నాం. ఇంతలో సందు ఆ చివర నుంచి గంట కొట్టకుండా, హారన్ కొట్టకుండా, ఊరికే కేకలు వేసుకుంటూ ఒక నీళ్ళ ట్యాంకరు మా మీదికే వస్తోంది. బ్రేకు పడటం లేదని డ్రైవరు చేతులూపుతున్నాడు. మా పక్కన అరుగు మీద ఒక తల్లి పసిబిడ్డకు పాలు పడుతోంది. మేము తప్పుకుంటే ట్యాంకరుకు దారి దొరుకుతుంది, లేకపోతే మమ్మల్ని నెట్టుకుంటూ ఆ అరుగు మీదికే పోతుంది.

నేను గంట వైపు చూశాను. తాడు కదలలేదు.

కదిలింది గట్టయ్య. ఒక్క చేత్తో గేరు, ఒక్క చేత్తో స్టీరింగు. మా బండి పాము పుట్టలోకి పోయినట్టు వెనక్కి జారి, ఒక టాంగాకూ బెల్లం బస్తాలకూ మధ్య ఉన్న ఖాళీలో దూరి కూర్చుంది. అటు అరచేయి, ఇటు అరచేయి సందు. టాంగా గుర్రం గడ్డి నమలడం కూడా ఆపలేదు. ట్యాంకరు మా ముందు నుంచి పోయి, ఎదుటి ఎత్తు మీద తనంతట తానే నిలబడింది.

నేను కదలని తాడు వైపు వేలు చూపించాను.

"గట్టయ్య కాకా, బెల్లు?"

"ఏం బెల్లు?"

"బెల్లు పడకుండానే నువ్వు..."

"నువ్వేం జూడలే, చిన్న సారూ." చొక్కా చేతితో చెమట తుడుచుకున్నాడు. "జూసిననంటివా, ఎల్లేశం బావ కొలువు పాయె. ఆయనకు కండ్లు ఆనుతలేవు. శానేండ్ల సంది బర్రెకు, గోడకు తేడా తెల్వదు. ఇంట్ల కూసోవెడ్తే వారం దినాలకే మనిషి కుంగిపోతడు. గనిల ఆయన బెల్లు కొట్టకుంటే నా పానం, నలుగురి పానం ఎన్నడో పోవు. ఇప్పుడు కొట్టనీ. ఆయన కొట్టేది ఆయన కొడ్తడు, నేను జూసేది నేను జూస్త."

"మరి సైకిల్ బెల్లుకు కూడా ఆగుతావు కదా?"

"ఊరంత జూడాలె గద సారూ, గట్టయ్య బెల్లు లేంది కదలడని." ఆయన మీసం కింద నవ్వాడు. హైదరాబాద్‌ను ఇన్నేళ్ళుగా నడిరోడ్డు మీద ఆపుతున్నది ఈ నవ్వేనన్నమాట.

వామనరావు గారు గొడుగుల కట్టలతో, పరుపుల్లాంటి బొంతల మూటలతో వచ్చాడు. అన్నీ తొట్టిలో వేయించాడు. చాయ్ తాగి వచ్చిన ఎల్లేశాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నడుపు గట్టయ్యా, బెల్లు లేకుండా."

గట్టయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సందులో రిక్షాలు పేరుకున్నాయి. టాంగావాడు ఉర్దూలో మా వంశవృక్షం చదవడం మొదలుపెట్టాడు. గట్టయ్య కదలలేదు.

వామనరావు గారు నా వైపు తిరిగాడు. "నిజం చెప్పు అబ్బాయీ. వీడు బెల్లు లేకుండా నడపగలడా?"

అబద్ధమాడితే మోకాళ్ళ మీద నిలబెట్టే సిస్టర్ల దగ్గర చదివినవాణ్ణి నేను. కానీ నిజంలో ఏ ముక్క చెప్పాలో ఎంచుకోవచ్చని కూడా అక్కడే నేర్చుకున్నాను. "ఖనిలో ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా నడపలేదండీ," అన్నాను.

"అయితే నేనే కొడతా. తాడు లాగడానికి ఏం విద్య కావాలి?" అని ఆయన పంచె ఎగగట్టి తొట్టి ఎక్కాడు. ఎక్కి రెండు బెల్లులు కొట్టాడు.

గట్టయ్య ఈసారి మీసం దువ్వుకోలేదు. రెండో బెల్లు మోత ఆగకముందే బండి ముందుకు దూకింది. వామనరావు గారు పడబోయి, అందిన తాడు పట్టుకున్నాడు. అది ఒక బెల్లు. బండి ఠక్కున ఆగింది. ఆయన ఇటు తూలి, పట్టు కోసం తాడును మూడుసార్లు గుంజాడు. బండి వెనక్కి పోయింది. "ఆగవయ్యా" అని అరిచాడు. అరుపు గట్టయ్య లెక్కలో లేదు. తాడు దొరక్క వెతుక్కుని, దొరికాక భయంతో రెండు గుంజాడు. బండి ముందుకు. మళ్ళీ మూడు. బండి వెనక్కి. బేగంబజార్ మొత్తం అరుగుల మీదికి ఎక్కి చూసింది. ఆ అటూ ఇటూ ఊగులాటలో కూడా టాంగాకు గాని, బెల్లం బస్తాలకు గాని మా బండి తగల్లేదు. చివరికి ఆయన బొంతల మూటల్లో వెల్లకిలా పడ్డాడు. కాలికి చుట్టుకున్న తాడు ఒక్కసారి గుంజుకుంది.

ఒక బెల్లు. బండి ఆగింది.

బొంతల్లోంచి ముందు ఒక గొడుగు లేచింది, దాని వెనక వామనరావు గారు లేచాడు. చాలాసేపు ఊపిరి తీసుకుని, "ఎల్లేశం," అన్నాడు, "ఇటు రావయ్యా. వచ్చి నీ తాడు నువ్వు పట్టుకో."

"మరి వచ్చే నెల సంది?" అన్నాడు గట్టయ్య అమాయకంగా.

"వచ్చే నెల, ఆ పై నెల, ఈ బండి ఉన్నన్నాళ్ళూ వాడే కొట్టాలి." ఆ ఖర్చు తలచుకుని కూడా ఆయనకు తుమ్ము రాలేదు.

తిరుగు దారిలో సిద్దిపేట దగ్గర చాయ్‌కు ఆగాం. ఎల్లేశం నా చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"చిన్న సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఒక ముచ్చట చెప్త, ఎవ్వలికి చెప్పకు."

చూపు సంగతి తానే చెప్తాడేమో అనుకున్నాను.

"గట్టయ్య బావకు చెవులు ఇనవడ్తలేవు."

"ఏంటీ?"

"మెల్లగ మాట్లాడు. ఎన్నేండ్లాయెనో. నేను మూడు కొడ్తే ఊకె కూసుంటడు. మళ్ళ కొడ్తే మళ్ళ కూసుంటడు. ఇయ్యాల వామనరావు సారు గట్టిగ కొట్టిండు గనుక జల్ది ఇనవడ్డది. మంచిర్యాలల మా బిడ్డ రమ్మనవట్టె. బర్రె పాలున్నయి, మంచమున్నది, మనవలున్నరు. ఎట్ల పోను? బెల్లు లేందే బండి నడవలేడాయె. చెవుల సంగతి తెలిస్తే నౌకరి తీసేస్తరు. నేనున్నన్ని దినాలు ఎళ్ళదీస్త."

నేను ఏమన్నాను? కాన్వెంటు చదువు మళ్ళీ ఆదుకుంది. "నువ్వు లేకపోతే ఆయన ఈ బండి నడపడు కాకా," అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఎల్లేశం ఛాతీ విరుచుకుని తొట్టి ఎక్కాడు. బొంతల మీద కూర్చున్న వామనరావు గారు గౌరవంగా జరిగి చోటిచ్చాడు. గట్టయ్య ఇంజను స్టార్టు చేశాడు. ఎల్లేశం రెండు బెల్లులు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే ఒక బర్రెల మంద రోడ్డు దాటడం మొదలుపెట్టింది. గట్టయ్య మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

"జూసినవా, ఇనవడలే," అని వెనక నుంచి ఎల్లేశం నాకు వినబడేలా గొణిగి, మళ్ళీ రెండు కొట్టాడు, ఈసారి గంట ఊడిపోయేంత గట్టిగా.

చివరి బర్రె తోక ఊపుకుంటూ పక్కకు తప్పుకుంది. గట్టయ్య గేరు వేశాడు. బండి కదిలింది.

"ఇప్పుడు ఇన్నడు," అన్నాడు ఎల్లేశం.